వేపపూత ఎవరికి తెలుసు? – తిరుత్తణి వసంతం, తెలుగు పద్యం

తిరుత్తణి నుంచి వచ్చి మా దగ్గర చదువుకున్న ఒక విద్యార్థిని తరగతిలో ఒక ప్రశ్న వేసింది. ఇంగ్లీషు పాఠాల్లో పూలను చూసి పొంగిపోయి, ఆ సంతోషానికి ఋణపడినట్టు రాసిన పద్యాలున్నాయి. మన తెలుగులో వసంతానికి అలా కృతజ్ఞత చెప్పుకున్న కవి ఎవరు? ఆమె మనసులో ఉన్నది 1807లో అచ్చయిన వర్డ్స్‌వర్త్ డాఫడిల్ పద్యం. తమిళనాట తెలుగు ఇళ్ళ పిల్లలు ఎందరో ఆ పువ్వును కంటితో చూడకుండానే దాని మీద పరీక్ష రాసి వచ్చినవారు. మేము ఆనాడు రెండు మూడు పేర్లు చెప్పి తప్పించుకున్నాము. తప్పించుకున్నామని ఆమెకూ తెలిసింది. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చే ప్రయత్నం.

ముందుగా ఆ మాటనే చూద్దాం. తెలుగు పల్లెల్లో ఎవరూ ఎవరికీ 'కృతజ్ఞతలు' చెప్పరు. 'పుణ్యం కట్టుకున్నావు' అంటారు, 'చల్లగా ఉండు' అంటారు, 'నీ మేలు మరవను' అంటారు. కృతజ్ఞత పుస్తకాల మాట. కానీ ఆ సంస్కృత పదంలో దాగిన అర్థాన్ని మనం అంతగా పట్టించుకోలేదు. కృతం అంటే చేసినది. జ్ఞత అంటే తెలిసి ఉండటం. మనకు ఎవరు ఏమి చేశారో ఎరిగి ఉండటమే కృతజ్ఞత. దాన్ని నోటితో చెప్పడం తర్వాతి సంగతి. ఈ అర్థాన్ని పట్టుకుంటే మా విద్యార్థిని ప్రశ్న రూపం మారుతుంది. వసంతానికి వందనం చెప్పిన కవి ఎవరని కాక, వసంతం తెలిసిన కవి ఎవరని అడగవలసి వస్తుంది. ఈ రెండో ప్రశ్న కాస్త నిర్దాక్షిణ్యమైనది. దాని ముందు మన పెద్ద కావ్యాలు కొన్ని తడబడతాయి.

ప్రబంధానికి చెప్పిన అష్టాదశ వర్ణనల్లో ఋతువర్ణన ఒకటి. పదహారవ శతాబ్దపు రామరాజభూషణుడి వసుచరిత్రలో వసంతం వచ్చినప్పుడు తెలుగు పద్యం చేసిన శబ్దం అంతకు ముందు చేయలేదు, ఆ తర్వాతా చేయలేదనే మా అభిప్రాయం. ఆ నడక వీణ మీద పలకదగినదని పెద్దలు మెచ్చుకున్నారు. ఆ మెప్పు న్యాయమైనదే. అయితే ఆ వసంతం ఎవరిది? మన్మథుడిది. కోకిల, తుమ్మెద, చిగురు, మలయమారుతం అతని కొలువులో ఉద్యోగులు. వసురాజు గిరికను కలుసుకోవాలి గనుక మామిడి చిగురు పెట్టాలి. పని కాగానే వసంతం తెర వెనక్కి వెళ్ళిపోతుంది. ఇక్కడ పూలు చాలా చేస్తాయి గాని, పూలకోసం ఎవరూ ఆగరు. (మలయమారుతం గురించి మనకొక చిన్న గర్వం ఉండవచ్చు: విజయనగరపు కవికి ఆ గాలి వీచవలసింది మన దక్షిణదేశం మీదుగానే. కాని తిరువళ్ళూరు మిద్దెల మీద వేసవి సాయంత్రం మనుషుల్ని బతికించేది మలయమారుతం కాదు, తూర్పు నుంచి వచ్చే సముద్రపు గాలి. దానికి కావ్యాల్లో ఇంత మర్యాద దక్కలేదు.)

ఆముక్తమాల్యద సంగతి వేరు. కృష్ణదేవరాయలు కూడా వసంతాన్ని వర్ణించాడు. అది ప్రబంధ వసంతమే. అక్కడ ఆయన కూడా ఆచారం తీర్చుకున్నట్టే మాకు కనిపిస్తుంది. వానాకాలానికి వచ్చేసరికి ఆ కవి మరొక మనిషి. తడిసిన కట్టెలు అంటుకోక, పొయ్యి దగ్గర పొగలో ఇల్లాలు పడే అవస్థ అక్కడ ఉంది. జల్లులో కాపుల ఇళ్ళలో వండుకునే గురుగు, చెంచలి, తుమ్మి వంటి ఆకుకూరలు పేరుపేరునా ఉన్నాయి. చెంచలి ఆకు రాజుగారి భోజనపు బల్ల మీదికి రాదు. అది గట్టున మొలుస్తుంది, చేత్తో గిల్లుకోవాలి. దాని పేరు తెలిసినవాడు ఆ గట్టున ఎప్పుడో ఒకప్పుడు నిలబడి ఉండాలి, లేదా నిలబడినవారి మాట శ్రద్ధగా విని ఉండాలి.

అదే కావ్యం మొదటి ఆశ్వాసంలో విలుబుత్తూరు వర్ణనలో బాతుల పద్యం మన విద్యార్థులందరికీ తెలిసినదే. రెక్కల్లో తలలు దూర్చి కాలువల్లో నిద్రపోతున్న బాతులను చూసి, స్నానానికి వచ్చిన బ్రాహ్మణులు మరచిపోయిన బట్టల మూటలనుకుని తలారులు తీసి ఇవ్వబోతారు. బాతులు లేచి పారిపోతాయి. పొలం కాపున్న పడుచులు నవ్వుతారు. ఈ పద్యంలో కథకు పనికివచ్చేది ఏమీ లేదు. నాయిక విరహం లేదు, మన్మథుడి ఆజ్ఞ లేదు. ఒక తెల్లవారుజాము, నీళ్ళు, బాతులు, ఒక పొరపాటు, ఒక నవ్వు. బయట ఉండటంలోని సామాన్యమైన సుఖాన్ని తెలుగు పద్యం ఇంత నిశ్చింతగా అనుభవించిన చోటు మరొకటి చూపడం కష్టం. అది జరిగింది తమిళదేశపు ఊళ్ళో, తమిళదేశపు కాలువలో అన్నది ఈ పత్రిక పాఠకులు గుర్తుంచుకోదగిన విషయం. తెలుగులో నేలను చూడటానికి తెలుగునేల మీదే ఉండనవసరం లేదు. 

ఆధునికుల దగ్గర త్వరగా నడుస్తాము, ఎందుకంటే ఇక్కడ అందరికీ తెలిసిన దారే. దేవులపల్లి కృష్ణశాస్త్రి కృష్ణపక్షం 1925లో వచ్చింది. ప్రబంధ కవి వసంతాన్ని మన్మథుడికి అప్పగిస్తే, కృష్ణశాస్త్రి దాన్ని తన హృదయానికి తెచ్చుకున్నాడు. ఆకుల్లో, పూలల్లో కలిసిపోయి ఆ అడవిలోనే దాగిపోవాలన్న కోరిక గొప్పదే, ఆ సంగీతం గొప్పదే. కాని ఆ ఆకు ఏ చెట్టుదని అడిగితే పద్యానికి ఇబ్బంది. తర్వాత కరుణశ్రీ పుష్పవిలాపం వచ్చింది. పూజకు పూలు కోయబోయిన కవిని పూలే నిలదీస్తాయి; ఆయన ఉత్త చేతులతో తిరిగి వస్తాడు. ఘంటసాల గొంతులో దాన్ని విని కన్నీరు పెట్టనివారు అరుదు. అక్కడ కవి పూల మాట విన్నాడు, అది నిజం. అయితే విన్న తర్వాత మిగిలింది అపరాధభావం. పువ్వుకూ మనిషికీ మధ్య ఒక నేరం వచ్చి కూచుంది. నేరస్థుడు ఋణం తలుచుకోలేడు, క్షమాపణే చెప్పుకుంటాడు. గోద అలా కాదు. ఆమె మాలను ముందు తాను ముడుచుకుని, అద్దంలో చూసుకుని, తర్వాత దేవుడికిచ్చింది. తాను సంతోషించిన దాన్నే ఇవ్వడం అనే ఆ పద్ధతిని కరుణశ్రీ పక్కన పెట్టి చదివితే మన విద్యార్థులకు మంచి చర్చ దొరుకుతుంది.

మూడో పద్ధతి ఒకటి ఉంది. అది మాకు పుస్తకంలో దొరకలేదు. తిరుత్తణిలో దొరికింది.

మద్రాసు నుంచి ఆ దారిన రైలెక్కినవారికి స్టేషన్ల పేర్లలోనే చెట్లు కనిపిస్తాయి. తిరువళ్ళూరుకు ముందు వేప్పంపట్టు, వేప పేరు మోస్తున్న ఊరు. తిరువళ్ళూరు దాటితే తిరువాలంగాడు. ఆలం అంటే మర్రి, కాడు అంటే అడవి. అరక్కోణం దాటితే తిరుత్తణి కొండ. ఏడాదికి ఎన్ని రోజులో కొండకు అన్ని మెట్లని, అంటే 365 అని చెబుతారు. ఆ కొండ మీది కొలనులో ఇంద్రుడు నాటిన కలువ ఉందని స్థలపురాణం. తమిళంలో దాన్ని కరుంగువళై అంటారు, తెలుగులో నల్లకలువ. కరు అంటే నల్లనిది, కువళై మన కలువకు చుట్టం. పువ్వు మాత్రం నీలం. నీలాన్ని నలుపనడంలో రెండు భాషలూ ఒకే కన్నుతో చూశాయన్నమాట. ఆడికృత్తికకు ఆ మెట్ల మీద పూలకావళ్ళు మోసుకువచ్చే జనంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉంటారు. 1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టింది ఈ ఊళ్ళోనే, తెలుగు ఇంట్లోనే.

చరిత్ర రెండు మాటల్లో చెప్పాలి, లేకపోతే మా వాదం అర్థం కాదు. తిరుత్తణి 1960 వరకు చిత్తూరు జిల్లాలో ఉండేది. పటాస్కర్ మధ్యవర్తిత్వం మేరకు సరిహద్దుల మార్పు చట్టం వచ్చి, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోకి, చెంగల్పట్టు జిల్లాలోకి వెళ్ళింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడ్డాక అందులో చేరింది. ఆ ఏప్రిల్ కూడా వసంతమే. వేపలు అప్పుడూ పూసే ఉంటాయి. చెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని పిలిచే మాటలు మాత్రం బడి నుంచి ఇంట్లోకి, ఇంట్లో నుంచి అవ్వల నోళ్ళలోకి జరుగుతూ వచ్చాయి.

ఒక ఉగాదికి ముందురోజు మేము ఆ విద్యార్థిని ఇంటికి వెళ్ళాము. పెరట్లో వేపచెట్టు కింద వాళ్ళ అవ్వ రాత్రే ఒక పాత చీర పరచి పెట్టింది. పొద్దున్నే ఆ చీర నిండా పువ్వు. ఆమె దాన్ని చేటలోకి ఎత్తి, ఈనెలూ ఆకులూ ఏరుతూ కూచుంది.

"కొమ్మ వంచి దూసుకోరాదా అవ్వా, బిన్నా అయిపోతుంది గదా" అని అడిగాము.

"ఎందుకు నాయనా? అదే రాల్తా ఉండాది గదా. కొమ్మ దూసేస్తే కాయ ఏడుంటాది? కాయ లేకుంటే కాకి వస్తాదా?" అన్నది. కొంచెం ఆగి మళ్ళీ, "పోయినేడు వానకు పూతంతా నేలపాలు. ఈ ఏడు చూడు, ఎంత పెట్టిందో మహాతల్లి" అన్నది.

చెప్పింది అంతే. మేము ఇంటికి వచ్చాక ఆ మాటలను విమర్శకుల అలవాటు కొద్దీ మళ్ళీ మళ్ళీ చదువుకున్నాము. అందులో ధన్యవాదం లేదు. కోయకూడదన్న నీతిపాఠమూ లేదు. ఉన్నది లెక్క: పోయినేడు ఎంత, ఈ ఏడు ఎంత, కాకి వాటా ఎంత. చేసిన మేలు ఎరిగి ఉండటం అంటే ఇదేనని మాకు తోచింది. గోద ముడుచుకుని ఇచ్చింది, కరుణశ్రీ కోయక వదిలాడు, ఈ అవ్వ రాలినదాన్ని పట్టుకున్నది.

మరునాడు పచ్చడి పెట్టారు. ఉగాది పచ్చడిని షడ్రుచుల తత్త్వంగా, జీవితంలోని సుఖదుఃఖాల గుర్తుగా వివరించడం మనకు అలవాటు. ఆ వివరణ తప్పు కాదు గాని, విని విని అరిగిపోయింది. దాన్ని ఒకసారి ఋతువర్ణనగా చదివి చూడండి. వేపపువ్వు ఆ వారంలో రాలింది. చింతపండు ఆ ఏటి కొత్తది. బెల్లం మొన్న మొన్నటి చెరుకుది. మామిడి పూత దశ దాటి కాయ అయింది. కావ్యాల్లో చైత్రమంటే ఇంకా చిగురూ పూతే గాని, పచ్చడిలో పులుపు పట్టిన కాయ ఉంది. ఈ రెంటిలో కాలం సరిగ్గా తెలిసింది పచ్చడికే. ఏ అలంకారికుడూ అష్టాదశ వర్ణనల్లో చేర్చని ఈ వసంతవర్ణన ఏటేటా కొత్తగా, ఎవరి పేరూ లేకుండా వస్తూనే ఉంది.

తిరుత్తణికి ఇంకో విశేషం ఉంది. అక్కడ వేపపువ్వుకు రెండు సంవత్సరాదులు. చాంద్రమానపు ఉగాది అయిన కొద్దిరోజులకో, కొన్ని వారాలకో, ఏప్రిల్ మధ్యలో తమిళుల చిత్తిరై మొదటి రోజు వస్తుంది. అప్పుడు వాళ్ళ మామిడికాయ పచ్చడిలోనూ వేపపువ్వు పడుతుంది. మిగిలిన పువ్వును ఎండబెట్టి డబ్బాలో పోసి, ఏడాది పొడవునా చారుకు వాడుకోవడం రెండు ఇళ్ళలోనూ ఉన్నదే. మార్గళి నెలలో ముగ్గు నడుమ పేడముద్ద మీద గుమ్మడిపువ్వు కూడా అంతే. మనవాళ్ళు దాన్ని గొబ్బెమ్మ అంటారు, పక్కింటివాళ్ళు పూశణిపూ అంటారు. వీధిలో మల్లెలు మూరతో కొలిచి అమ్మే మనిషి చివర ఇంకో జానెడు తెంపి కలిపే దాన్ని తెలుగువారు కొసరంటారు, తమిళులు కొసురంటారు. సరిహద్దు గీసినవారికి ఈ కొసరును ఏ వైపు వేయాలో తోచి ఉండదు.

ఈ ఎరుక మన పుస్తకాల్లో ఎక్కడా లేదని అనడం అన్యాయం. పద్యంలో సన్నబడిన చోట వచనంలో లావెక్కింది. నామిని సుబ్రమణ్యంనాయుడు మిట్టూరోడి కతలు, పచ్చనాకు సాక్షిగా ఆ వైపు మాటలో, తిరుపతి చుట్టుపక్కల పల్లె యాసలో రాసినవి. తిరుత్తణి అవ్వ భాషకు అది పొరుగింటి భాష. మా విద్యార్థిని వాటిని చదివి, 'ఇది అచ్చులో ఉండొచ్చునని నాకు తెలియదు' అన్నది. స.వెం. రమేశ్ ప్రళయకావేరి కథలు పులికాట్ సరస్సు లంకల గురించినవి. ఆ సరస్సు దక్షిణపు అంచు తిరువళ్ళూరు జిల్లాలోనే ఉంది. ప్రళయకావేరి దానికి అక్కడివారి పాత పేరు. ఆ కథల్లో చెట్టూ పిట్టా చేపా తమ తమ పేర్లతో నడిచివస్తాయి. కొందరు పాఠకులు ఆ పేర్ల జాబితాలు కథకు అడ్డమన్నారు. మాకు అలా అనిపించలేదు. కొన్నిచోట్ల కథ నెమ్మదిస్తుందన్నది ఒప్పుకోవాలి. కాని ఒక పిలుపు పోతుందని తెలిసి దాన్ని మరోసారి పిలిచే రచయితను తొందరపెట్టడం సబబు కాదు.

పోతుందన్నది ఊహ కాదు. 2006లో తమిళనాడులో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఆ విద్యాసంవత్సరం ఒకటో తరగతితో మొదలై, ఏటేటా ఒక తరగతి పైకెక్కుతూ 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. మైనారిటీ భాషల పిల్లలకు కోర్టుల ద్వారా మినహాయింపులు వచ్చినా, తెలుగు బడికి వెళ్ళే పిల్లల దారి ఇరుకైంది. తమిళం నేర్చుకోవడం గురించి మాకు ఫిర్యాదు లేదు. ఆ నేల మీద బతికేవారికి ఆ భాష రావాలి, వస్తే లాభమే. నష్టం మరోచోట ఉంది. మేము తరగతిలో రేలపూల మాట ఎత్తితే ఎవరికీ తెలియలేదు. 'కొండ్రై' అనగానే నలుగురు చేతులెత్తారు. పొగడ తెలియదు, మగిళం తెలుసు. తంగేడు ఒకరికి తెలుసు, ఆవారం అందరికీ తెలుసు. పువ్వు వాళ్ళకు తెలుసు. తెలుగు పద్యంలో అది ఎదురైతే మాత్రం గుర్తుపట్టలేరు. అంటే వాళ్ళ ఎరుకకూ మన సాహిత్యానికీ మధ్య వంతెన తెగింది. ఇందులో మా తప్పు కూడా ఉంది. పాటలీ, వకుళం, ఆరగ్వధం అని టీకాలో అర్థం రాయించాము గాని, పాటలి అంటే కలిగొట్టు, వకుళమంటే మీ గుడి దగ్గరి మగిళం, ఆరగ్వధమంటే మీ రోడ్డు పక్క కొండ్రై అని వేలు పెట్టి చూపించలేదు.

జపాన్‌లో హైకూ రాసేవారికి సైజికి అనే పుస్తకాలున్నాయి. ఏ ఋతువుకు ఏ మాట చెందుతుందో, ఏ పువ్వు, ఏ పురుగు, ఏ వంట, ఏ పండుగ ఎప్పుడు వస్తుందో వరసగా చెప్పి, కింద ఉదాహరణ పద్యాలు ఇస్తాయి. మనకు అలాంటిది పుస్తకంగా లేదు గాని నోట్లో ఉంది. అశ్విని నుంచి రేవతి దాకా ఇరవై ఏడు కార్తెలు రైతుల లెక్క. రోహిణికార్తె ఎండ ఎలాంటిదో, మృగశిరకు ఏమి చేయాలో పల్లెల్లో ఇంకా చెబుతారు. తిరుత్తణి వైపు దానికి కత్తిరి తోడైంది. మే నెలలో ఆ మాట వినబడితే గొడుగు తీయవలసిందే. ఈ కార్తెల కింద చెట్ల పేర్లు రాసుకుంటూ పోతే మన సైజికి మొదలవుతుంది.

ఆ పని మా విద్యార్థినే మొదలుపెట్టింది. రెండు వరసల నోటుబుక్కు: ఒక వైపు అవ్వ చెప్పిన మాట, రెండో వైపు వీధిలో వినిపించే తమిళ మాట, కింద ఆ పువ్వు తనకు మొదట కనిపించిన తేదీ, చోటు. కావ్యంలో ఆ పేరు ఎక్కడైనా కనిపిస్తే ఎర్రసిరాతో చేరుస్తున్నది. మేము చూసినప్పుడు నలభైకి పైగా పేర్లున్నాయి. ఎర్రసిరా ఇంకా తక్కువే. మోదుగకు ఎదురుగా పురసు అని రాసి, మద్రాసులో పురసవాక్కం పేరు దీని వల్లేనంటారని పక్కన చిన్న అక్షరాల్లో చేర్చుకుంది. కానుగకు ఎదురుగా పుంగు, 'రైల్వేస్టేషను బయట, పూత రాలి నేల తెల్లగా ఉంది, ఆటో డ్రైవరు దాని మీద బండి పెట్టలేదు' అని ఉంది. వేప పేజీలో ఏమీ రాయలేదు, ఒక ఎండిన పూరెమ్మ అంటించి ఉంది. కింద ఖాళీ ఎందుకు వదిలావమ్మా అని అడిగాము. అవ్వ ఇంకా చెబుతూనే ఉందండీ అన్నది.